సబ్‌వూఫరు: అనునాద నిగ్రహము

మానవకర్ణము గ్రహింపగల ధ్వనులు సెకనుకు ఇంచుమించు 20 కంపనములు మొదలుకొని 20,000 కంపనముల వరకు వ్యాపించియున్నవి. ఈ విశాలక్షేత్రములో అట్టడుగుననున్న 20 హెర్ట్జ్ మొదలు 100 హెర్ట్జ్ వరకు గల స్వల్పభాగమునే తన పరిధిగా గైకొని, తక్కిన ధ్వనుల జోలికి పోక, కేవలము మంద్రనాదమును పుట్టించుటకే నిర్మింపబడిన స్పీకరును సబ్‌వూఫరు అందురు. పియానోలోని అట్టడుగు మెట్టు పలుకు స్వరము 27.5 హెర్ట్జ్, నాలుగు తంత్రుల బేస్ గిటారులో మిక్కిలి లావైన తంత్రి పలుకునది 41 హెర్ట్జ్, మేఘగర్జనములు, విస్ఫోటములు, పెనుయంత్రముల ఘోష ఈ మండలమునకు చెందినవే. 1974లో ‘ఎర్త్‌క్వేక్’ అను హాలీవుడ్ చిత్రమునకై సెన్సరౌండ్ అను ఏర్పాటుతో సినిమాహాళ్లలో పెద్ద పెద్ద మంద్రధ్వని స్పీకర్లను అమర్చి, భూకంపమును ప్రేక్షకులు చెవితోనే గాక దేహముతోను అనుభవించునట్లు చేసిరి. ఆనాడు పెద్ద హాళ్లకే పరిమితమైన ఆ నాదము నేడు ఇంటి ముందుగదిలోనికిని, కారు డిక్కీలోనికిని వచ్చి చేరినది.

హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి అంగడివీథులలో విడి స్పీకరును కొని, వడ్రంగిచేత ప్లైవుడ్ పెట్టె చేయించుకొను ఉత్సాహవంతులు మన ప్రాంతమున పెక్కుమంది కలరు. వారు దుకాణదారుని మొట్టమొదట అడుగు ప్రశ్న ‘ఇది ఎన్ని వాట్లు?’ అని. ఆ ప్రశ్న నిరర్థకము కాదు గాని, మొదట అడుగవలసినది మాత్రము కాదు. వాట్ల సంఖ్య ఆ స్పీకరు కాలిపోకుండ ఎంత విద్యుచ్ఛక్తిని భరింపగలదో చెప్పునే గాని, ఆ శక్తితో అది ఎంత మంద్రమునకు దిగగలదో, దిగినచోట ఉన్న స్వరమును ఉన్నట్లు పలుకగలదో లేదో చెప్పదు. ఆ సంగతిని తెలుపునది దాని అనునాద పౌనఃపున్యము. అనునాదమనగానే అక్కడ స్పీకరు మిక్కిలి గట్టిగా మ్రోగుననియు, అదియే దాని బలమనియు తలచుట లోకమున వాడుకగా నున్నది. నేను దానిని స్పీకరు రాజ్యమునకు పొలిమేరగా భావింతును. ఆ పొలిమేరను తగినచోట నెలకొల్పుటయు, అక్కడ చెలరేగు కంపనమును తగినంత అణచియుంచుటయు తెలిసినవాడే మంచి స్పీకరును నిర్మింపగలడు.

స్పీకరు అంతర్నిర్మాణమును ఒకమారు పరికింతము. కాగితపు గుజ్జుతోనో, ప్లాస్టిక్కుతోనో, అల్యూమినియముతోనో చేసిన శంకువు ముందుభాగమున నుండును. దానిని కోన్ అందురు. కోన్ మెడకు చుట్టిన రాగితీగచుట్ట, అనగా వాయిస్ కాయిల్, శాశ్వతాయస్కాంతపు ధ్రువముల నడుమనున్న ఇరుకు సందులో ఎచ్చటను తగులకుండ నిలిచియుండును. కోన్ అంచును ఇనుప చట్రమునకు కలుపు రబ్బరు వలయము సరౌండ్. మెడను చుట్టూ పట్టి నడుమ నిలుపు, ముడతలు ముడతలుగా నొత్తిన గుడ్డబిళ్ల స్పైడర్. యాంప్లిఫయరు నుండి వచ్చు విద్యుత్ప్రవాహము దిశ మార్చుకొనుచు కాయిల్‌లో పారునపుడు, అయస్కాంతక్షేత్రము దానిని ముందునకును వెనుకకును త్రోయుచుండగా కోన్ గాలిని కదలించును. ఇందు కదలు భాగములకన్నింటికిని కలిపి ఒక ద్రవ్యరాశి కలదు. కోన్‌ను అంటిపెట్టుకొని దానితోపాటు ఊగు కొద్దిపాటి గాలియు ఆ లెక్కలో చేరును. సరౌండును స్పైడరును కలిసి స్ప్రింగు పనిని నిర్వహించును. ద్రవ్యరాశియు స్ప్రింగును ఎక్కడ కూడినను అక్కడ ఒక సహజ పౌనఃపున్యము, అనగా ముందు చెప్పిన అనునాద పౌనఃపున్యము, ఏర్పడక తప్పదు. విద్యుత్తుతో పనిలేకయే కోన్‌ను వ్రేలికొసతో మెల్లగా తట్టినచో ‘దుమ్’ మని వినవచ్చు ధ్వని ఆ పౌనఃపున్యమునదే.

దానిని లెక్కించుట కష్టము కాదు. స్ప్రింగు బిగువును ద్రవ్యరాశిచే భాగించి, వర్గమూలము తీసి, వచ్చిన దానిని 6.28చే భాగించిన చాలును. ఒక 12 అంగుళముల సబ్‌వూఫరులో కదలు భాగముల ద్రవ్యరాశి 100 గ్రాములనియు, స్ప్రింగు బిగువు మీటరుకు 2,467 న్యూటన్లనియు అనుకొందము. అనగా వెల్లకిల ఉంచిన కోన్‌పై 100 గ్రాముల బరువు నిలిపినచో అది 0.4 మిల్లీమీటరు క్రిందికి దిగును. అట్టి స్పీకరు సహజ పౌనఃపున్యము 25 హెర్ట్జ్. ఇందు వర్గమూలము చేరియుండుటచేత ఈ సంఖ్యను క్రిందికి దించుట మిక్కిలి వ్యయసాధ్యమైన పని. 25ను సగము చేయవలెనన్న ద్రవ్యరాశిని నాలుగింతలు చేసి 400 గ్రాములకు చేర్చవలెను. లేదా స్ప్రింగు బిగువును నాలుగవవంతునకు తగ్గింపవలెను. బరువు పెంచినచో దానిని కదలించుటకు యాంప్లిఫయరు మరింత శ్రమపడవలెను. బిగువు తగ్గించినచో కాయిల్ తన ఇరుకు సందులో నిలకడ తప్పి అయస్కాంతమును రాచుకొనును.

మన మృదంగవిద్వాంసులు బరువునకును శ్రుతికిని గల ఈ సంబంధమును తరతరములుగా ప్రయోగించుచునే యున్నారు. కచేరీకి ముందు మృదంగపు ఎడమ మూత నడుమ తడిపిన రవ్వముద్దను అద్దుటచేత చర్మముపై బరువు పెరిగి నాదము మంద్రమునకు దిగును. కచేరీ ముగిసిన పిదప ఆ ముద్దను గీకివేయుదురు. కుడి మూతపై నల్లని కరణి శాశ్వతముగా నుండి, సామాన్యముగా చర్మవాద్యములలో పొంతన లేక చెదరియుండు ఉపస్వరములను సుస్వరమైన వరుసలోనికి తెచ్చును. ఈ రహస్యమును 1920లో శివకాళి కుమార్ అను సహచరునితో కలిసి ‘నేచర్’ పత్రికలో ప్రకటించి, 1934లో మరింత విపులముగా వివరించినవాడు చంద్రశేఖర వెంకట రామన్. ఆయన బాల్యవిద్య మన విశాఖపట్టణమున జరిగినదను సంగతి ఈ సందర్భమున తలచుకొనుట నాకు సంతోషకరము. మృదంగపు మూతకు గాని సబ్‌వూఫరు కోన్‌కు గాని వర్తించు సూత్రమొక్కటే. కాని వాని లక్ష్యములు భిన్నములు. మృదంగము తనదైన నాదమును తాను పలుకవలెను. స్పీకరు పరుల నాదమును పలుకవలెను గాని తన నాదమును వినిపింపరాదు. కష్టమంతయు ఇక్కడనే మొదలగుచున్నది.

ఈ కష్టమును తీర్చిన ఆలోచన అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధకులు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అను ఇరువురిది. వారు 1925లో ప్రకటించిన పత్రము నేటి స్పీకర్లలో పెక్కింటికి మూలము. అంతకుముందు వాడుకలోనున్న లౌడ్‌స్పీకర్లు పెక్కు టెలిఫోను శ్రవణయంత్రమునకు కొమ్ముబూర తగిలించిన వంటివి. వాని ఇనుపరేకుల అనునాదము మాటయు పాటయు నడయాడు మండలము నడుమనే పడుచుండుటచేత, ఆ స్థానమునకు వచ్చిన స్వరమెల్ల పెల్లుబికి తక్కినవి అణగారిపోవుచుండెను. రైస్, కెల్లాగులు అనునాదమును తొలగింపజూడలేదు. తొలగింప వీలుగానిదని వారెరుగుదురు. దానిని పనిచేయవలసిన మండలమునకు దిగువకు, అనగా వినవలసిన స్వరములకన్న క్రిందికి, దించివైచిరి.

ఇది ఎందుచేత సరియైన మార్గమో గ్రహించుటకు కొంచెము నిదానింపవలెను. 20 హెర్ట్జ్ ధ్వనితరంగపు పొడవు గాలిలో ఇంచుమించు 17 మీటర్లు. 40 హెర్ట్జ్ తరంగమునకు ఎనిమిదిన్నర మీటర్లకు పైగా నుండును. వీని ముందర అడుగు వెడల్పు గల కోన్ మిక్కిలి చిన్నది. ఇట్లు తరంగదైర్ఘ్యముకంటె ఎంతో చిన్నదైన కంపకము పుట్టించు ధ్వనిపీడనము అది ఎంత దూరము కదలినదను దానిపై గాక, ఎంత త్వరణముతో కదలినదను దానిపై ఆధారపడియుండును. అనునాదమునకు పైనున్న పౌనఃపున్యములలో స్ప్రింగు ప్రభావము క్షీణించి ద్రవ్యరాశి ప్రధానమగును; అక్కడ న్యూటన్ చెప్పినట్లు బలమును ద్రవ్యరాశిచే భాగించిన వచ్చునదే త్వరణము గనుక, సమానబలమునకు అన్ని స్వరములందును సమానత్వరణము లభించి, సమానధ్వని వెలువడును. అనునాదమునకు దిగువన స్ప్రింగే ప్రభువు. అక్కడ కదలిక దూరము స్థిరముగా నిలిచిపోవుటచేత, పౌనఃపున్యము సగమైనకొలదియు ధ్వనిపీడనము నాలుగవవంతునకు పడిపోవును. కావున అనునాదమునకు దిగువన స్పీకరు మూగవోవునని కొందరనునది నిజము కాదు. అక్కడ దాని గొంతు మెట్టుమెట్టునకు క్షీణించునంతే. నేను పొలిమేర అన్నది ఈ అర్థముననే.

సమానధ్వనికి సమానత్వరణము కావలెనన్న నియమములో సబ్‌వూఫరు నిర్మాతకు భారమైన షరతొకటి ఇమిడియున్నది. 80 హెర్ట్జ్ వద్ద కోన్ ఒక మిల్లీమీటరు కదలి పుట్టించిన ధ్వనిని 40 వద్ద పుట్టింపవలెనన్న నాలుగు మిల్లీమీటర్లు, 20 వద్ద పుట్టింపవలెనన్న పదునారు మిల్లీమీటర్లు కదలవలసియుండును. సబ్‌వూఫరుల చుట్టునుండు రబ్బరు వలయము ఉబ్బెత్తుగా, లావుగా నుండుటకును, కాయిల్ పొడవుగా నుండుటకును, మిక్కిలి మంద్రధ్వని కోరినవారు పెద్ద కోన్‌ను గాని పెక్కు కోన్లను గాని ఆశ్రయించుటకును కారణమిదియే.

ఇంతవరకు అనునాదము ఎక్కడ నుండవలెనను ప్రశ్నను చూచితిమి. అది ఎంత ఉద్ధతముగా నుండవలెనను ప్రశ్న అంతకన్న ముఖ్యమని నేను తలచుచున్నాను. కంపించు వస్తువును అడ్డగించు శక్తి ఏదియు లేకున్నచో అనునాదము వద్ద దాని కదలిక పెచ్చుపెరిగి, స్వరము ఆగిపోయిన పిదపను చాలసేపు కొనసాగును. స్పీకరులో ఆ కదలికను అడ్డగించునది ప్రధానముగా దాని అయస్కాంతమే. అయస్కాంతక్షేత్రములో కదలు కాయిల్ తానే ఒక చిన్న డైనమోయై ఎదురువోల్టేజిని పుట్టించును. ఆ వోల్టేజి యాంప్లిఫయరు ద్వారా ప్రవాహమును నడపి కోన్‌కు బ్రేకు వేయును. దీనిని ఎవరైనను పరీక్షింపవచ్చును. దేనికిని కలుపని స్పీకరు కోన్‌ను తట్టి వినుడు. పిదప దాని రెండు టెర్మినళ్లను చిన్న తీగతో ఒకదానికొకటి కలిపి మరల తట్టి వినుడు. మొదటిసారి ‘దుమ్మ్’ అని సాగిన నాదము రెండవసారి పొట్టిగా, పొడిగా తెగిపోవును. కోన్‌ను అరచేతితో సమముగా నొక్కి చూచినను ఆ ఎదురొత్తు చేతికి తెలియును.

ఈ నిగ్రహపు కొలతను ఇంజనీర్లు క్యూ అను సంఖ్యతో చెప్పుదురు. సంఖ్య చిన్నదైనకొలది నిగ్రహమెక్కువ. పెట్టెలో బిగించిన పిదప ఆ విలువ 0.7 అయినచో ధ్వని పైనుండి క్రిందికి సమతలముగా వచ్చి, అనునాదము వద్ద మూడు డెసిబెల్‌లు మాత్రము తగ్గి, మెల్లగా దిగజారును. అది 1.4 అయినచో అదేచోట మూడు డెసిబెల్‌లు పెరుగును. వినుటకు ఆ పెరుగుదల తొలుత ఆకర్షణీయముగా నుండును. అంగడిలో రెండు నిమిషములు విని కొనువారికి అదియే నచ్చును. కాని ఇంటికి తెచ్చి పది పాటలు విన్నప్పుడు, ఒకదానిలో బేస్ గిటారు, మరొకదానిలో డోలు, ఇంకొకదానిలో తబలా డగ్గా, అన్నియు ఒక్క స్వరముననే ‘బుం బుం’ అని పలుకుచుండును. వాద్యకారుడు పలికించిన స్వరము ఎక్కడనో మరుగునపడి, పెట్టె తన స్వరమును తాను పాడుకొనుచుండును. ఎంతో సాధనతో ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క గమకమును కూర్చిన డగ్గా వాద్యకారునికి ఇంతకన్న అన్యాయము వేరొకటి లేదు.

పెట్టె ప్రసక్తి వచ్చినది గనుక దానిని వివరింతును. పెట్టె లేని స్పీకరులో కోన్ ముందు పుట్టిన ఒత్తిడియు వెనుక పుట్టిన వెలితియు పరస్పరము కలిసి రద్దగును గనుక మంద్రధ్వని వినబడదు; కావుననే వెనుకభాగమును మూయుట. కాని మూసిన పెట్టెలోని గాలియు ఒక స్ప్రింగే. అది స్పీకరు స్ప్రింగునకు తోడై మొత్తము బిగువును పెంచి, అనునాదమును పైకి త్రోయును. స్పీకరు సొంత స్ప్రింగుతో సమానమైన బిగువు గల గాలి ఎన్ని లీటర్లో తెలుపు సంఖ్యను వాస్ అందురు. మన ఉదాహరణలోని స్పీకరునకు అది ఇంచుమించు 140 లీటర్లు. దానిని 140 లీటర్ల పెట్టెలో బిగించినచో బిగువు రెట్టింపై, అనునాదము 25 నుండి 35 హెర్ట్జ్‌కు పెరుగును. స్థలము చాలక అందులో మూడవవంతు, అనగా 47 లీటర్ల పెట్టె చేయించినచో బిగువు నాలుగింతలై, అనునాదము 50కి చేరును. క్యూ విలువయు అంతే నిష్పత్తిలో పెరుగును: స్పీకరు విడిగానున్నప్పుడు 0.35 ఉన్నది ఆ చిన్న పెట్టెలో 0.7 కాగా, బలహీనమైన అయస్కాంతముతో 0.6 ఉన్నది 1.2కు ఎగబ్రాకి ‘బుం బుం’ అనసాగును. ఒకే పెట్టె ఒక స్పీకరునకు అమృతమై మరొకదానికి విషమగుటకు కారణమిది. వడ్రంగిని నిందించి ప్రయోజనము లేదు.

ఈ గాలిస్ప్రింగును దోషముగా గాక ఉపకరణముగా దర్శించినవాడు ఎడ్గర్ విల్చర్. గుడ్డ, రబ్బరులతో చేసిన స్ప్రింగులు కొంతదూరము సాగిన పిదప బిగుసుకొని ధ్వనిని వికృతము చేయును. గాలి అట్లు గాక చక్కని నియమముతో ఒత్తిడికి లోబడును. కావున స్పీకరు సొంత స్ప్రింగును మిక్కిలి మెత్తగా చేసి, మూసిన చిన్న పెట్టెలోని గాలినే ప్రధానమైన స్ప్రింగుగా గైకొనవలెనని ఆయన నిశ్చయించెను. 1954లో హెన్రీ క్లాస్‌తో కలిసి మసాచుసెట్స్ రాష్ట్రములోని కేంబ్రిడ్జిలో అకౌస్టిక్ రీసెర్చ్ అను సంస్థను నెలకొల్పి, ఏఆర్-1 అను స్పీకరును వెలువరించెను. అంతవరకు బీరువా అంతటి పెట్టెలనుండి మాత్రమే వెలువడు మంద్రనాదము అలమారలో ఇమిడిపోవు పెట్టెనుండి వినవచ్చుట చూచి జనము విస్మయపడిరి. విడిగా చూచినపుడు ఆ స్పీకరు అనునాదము అత్యల్పము. అది పెట్టెలో ఎంత పెరుగునో ముందే లెక్కించి అంత క్రిందనుండి బయలుదేరుటయే విల్చర్ ప్రజ్ఞ. దీనికి చెల్లించిన మూల్యమేమనగా, బరువైన కోన్‌ను కదలించుటకు శక్తిమంతమైన యాంప్లిఫయరు కావలసివచ్చినది. చిన్న పెట్టె, లోతైన మంద్రము, స్వల్పశక్తితో పెద్దధ్వని: ఈ మూడును ఒకచోట కూడవు, రెండింటిని పొంది మూడవదానిని వదలుకొనవలెను.

పెట్టెకు రంధ్రము చేసి గొట్టమును అమర్చుట రెండవ మార్గము. ఇందులో రెండు అనునాదములు కలిసి పనిచేయును. 19వ శతాబ్దమున జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ సన్నమెడ గల బోలు గోళములను స్వరవిశ్లేషణకు వాడెను. గోళములోని గాలి స్ప్రింగు, మెడలోని గాలి ద్రవ్యరాశి. బెల్ లేబొరేటరీస్‌కు చెందిన ఆల్బర్ట్ థురాస్ ఈ సూత్రమును స్పీకరు పెట్టెకు అన్వయించి 1932లో పేటెంటు పొందెను. 60 లీటర్ల పెట్టెకు పది సెంటీమీటర్ల వ్యాసము గల గొట్టమును అమర్చి 30 హెర్ట్జ్‌కు శ్రుతి చేయవలెనన్న, కొసల ప్రభావమును కలుపుకొని దాని పొడవు 43 సెంటీమీటర్లు కావలెను; ఆ గొట్టములోనుండు గాలి బరువు నాలుగు గ్రాములు మాత్రమే! ఆ నాలుగు గ్రాముల గాలి 30 హెర్ట్జ్ వద్ద ఎంత ఉద్ధృతముగా ఊగునన్న, ధ్వని దాదాపుగా గొట్టమునుండియే వెలువడును; కోన్ మాత్రము లోపలి గాలి ఒత్తిడికి కట్టుబడి ఇంచుమించు నిశ్చలముగా నుండును. తీవ్రముగా మ్రోగు సబ్‌వూఫరు కోన్ కదలకుండుటను కన్నులార చూచుట అద్భుతము. గొట్టము సన్నమైనచో గాలివేగము పెరిగి బుసలు వినబడును.

అయితే ఆ శ్రుతికి దిగువన పరిస్థితి తలక్రిందులగును. గొట్టము వట్టి రంధ్రమై, ముందువెనుకల ధ్వనులు ఒకదానినొకటి రద్దుచేసికొనును; పౌనఃపున్యము సగమైనచో పీడనము పదునారవవంతునకు పడిపోవును. గాలి ఆసరా కోల్పోయిన కోన్ అదుపు తప్పి ఊగి, కాయిల్ వెనుక పలకకు కొట్టుకొనును. కావున గొట్టపు పెట్టెకు శ్రుతికన్న క్రింది స్వరములను ఆపివేయు ఫిల్టరు తప్పనిసరి. ఈ పెట్టెల నిర్మాణము చాలకాలము ఊహలతోనే నడచినది. 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ దీనిని విద్యుత్ ఫిల్టరుల గణితముతో సమన్వయించి ప్రకటించిన పత్రమును లోకము పదేండ్ల పాటు గమనింపలేదు. 1971లో అమెరికాలో పునర్ముద్రణము పొందిన పిదపనే దాని విలువ తెలియవచ్చినది. సిడ్నీ విశ్వవిద్యాలయమున పరిశోధించిన రిచర్డ్ స్మాల్ ఆ కృషిని విస్తరించెను. నేడు స్పీకరుతో వచ్చు కాగితముపై అచ్చగు సంఖ్యలకు థీల్–స్మాల్ పరామితులని పేరు. సినిమా చూచుటకు గొట్టపు పెట్టె మేలు. సంగీతము వినువారికి మూసిన పెట్టెయే నా సిఫారసు, ఏలనన స్వరము ముగియగానే దాని ధ్వని త్వరగా ఆగును, అనునాదమునకు దిగువన మెల్లగా క్షీణించును.

గదికిని తన అనునాదములుండును. ఐదు మీటర్ల పొడవు గల గది 34 హెర్ట్జ్ వద్ద స్పందించును. ఒక మూల హోరుమనుచుండగా గది నడుమ ఏమియు వినబడకపోవుట దీని ఫలితమే. స్పీకరును రెండడుగులు జరిపినను భేదము తెలియును.

పరామితుల కాగితము దొరకని స్పీకరు అనునాదమును ఇంటివద్దనే కొలువవచ్చును. మొబైలు ఫోనులోని స్వరజనకపు యాప్‌ను యాంప్లిఫయరునకు కలిపి, దాని వాల్యూమును స్వల్పముగా నుంచి, 100 ఓముల రెసిస్టరు ద్వారా విడి స్పీకరునకు తీగ కలుపవలెను. స్పీకరు టెర్మినళ్లపై మల్టీమీటరును ఏసీ వోల్టులలో నుంచి, స్వరమును 100 హెర్ట్జ్ నుండి మెల్లగా దించవలెను. ముందు చెప్పిన ఎదురువోల్టేజి అనునాదము వద్ద పరాకాష్ఠ నందును గనుక, మీటరులోని సంఖ్య ఒకచోట పెరిగి మరల తగ్గును, శిఖరమున్నచోటే అనునాదము. కొత్త స్పీకరులో స్పైడరు కొంత బిగుసుకొనియుండుటచేత, కొన్ని గంటలు మ్రోగించి కొలిచినచో సంఖ్య కొంచెము తగ్గివచ్చును. ద్రవ్యరాశియు కావలెనన్న, కోన్ నడుమ తెలిసిన బరువు గల బంకమట్టిని అంటించి మరల కొలువవలెను. మన స్పీకరునకు 56 గ్రాముల మట్టి అంటించినపుడు శిఖరము 25 నుండి 20కి దిగినదనుకొనుడు: 25ను 20చే భాగించి, వర్గము చేసి, ఒకటి తీసివేసి, మిగిలిన 0.5625చే 56ను భాగించిన ద్రవ్యరాశి ఇంచుమించు 100 గ్రాములు వచ్చును. దానినుండి స్ప్రింగు బిగువును, కోన్ వైశాల్యముతో కలిపి వాస్‌ను, వాస్ నుండి పెట్టె ఎన్ని లీటర్లుండవలెనో వరుసగా తేల్చికొని, ఆ కొలతలను కాగితముపై వ్రాసి వడ్రంగికి ఇయ్యవచ్చును.